అక్క చదివి వినిపించిన కాగితం

కళ్ళజోళ్ళ దుకాణంలో చంటి చేసే పనికి పెద్ద పేరేమీ లేదు. డాక్టరు రాసిచ్చిన అద్దాలు ఫ్రేములో బిగించాక, ఆ ఫ్రేమును మనిషి మొహానికి కుదర్చాలి. అంతే. కానీ ఇరవై రెండేళ్ళుగా ఆ పని చేసే ప్రతిసారీ ఆమె ఊపిరి బిగబట్టేది. ఆ సంగతి ఎదుటి కుర్చీలో కూర్చున్నవాళ్ళకి మాత్రం తెలిసేది కాదు.

ఫ్రేము కుదర్చాలంటే ఎదుటివాళ్ళ మొహానికి జానెడు దూరంలో మన మొహం పెట్టాలి. చంటి ముక్కులో ఎడమ దారి పూర్తిగా మూసుకుపోయింది, కుడిది సగం. కాబట్టి నోటితోనే పీల్చాలి, నోటితోనే వదలాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దమనిషి మొహం పక్కకు తిప్పుకుని, "అమ్మాయ్, కాస్త అటు తిరిగి ఊపిరి వదులు" అన్నాడు. తప్పేం అనలేదు పాపం. అయినా ఆ మధ్యాహ్నం చంటికి అన్నం సయించలేదు. ఆ రోజు నుంచీ చిన్న స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుంటే చాలు, శ్వాస ఆపేసేది. ఫ్రేము వదిలాక పక్కకు తిరిగి నోరు తెరిచి గాలి మింగేది. చూసినవాళ్ళు ఆవలింత అనుకునేవారు. "రాత్రి నిద్ర లేదా తల్లీ?" అని జాలిపడ్డవాళ్ళు కూడా ఉన్నారు.

ఆమెకు మొహాలు గుర్తుండవు, ముక్కులు గుర్తుంటాయి. ఏడాది తర్వాత వచ్చినవాళ్ళను చూసి, "మీదేనా నల్ల ఫ్రేము? ఎడమ ప్యాడు లోపలికి నొక్కాను" అనేది. వాళ్ళు నోరు వెళ్ళబెట్టేవాళ్ళు. ముక్కుకు రెండు పక్కలా ఆనుకునే ఆ బుల్లి ప్యాడ్లలోనే కళ్ళజోడు ప్రాణమంతా ఉంటుందని ఆమె నమ్మకం. అవి సరిగ్గా కూర్చోకపోతే ఎంత ఖరీదైన అద్దమైనా దండగే.

ఇక చంటి ముక్కు. అది నాన్న ముక్కు. మధ్యలో ఒక గుట్ట, అక్కడినుంచి జారి చివర కిందికి వంపు. ఇద్దరు కూతుళ్ళకూ దాన్ని ఏ మాత్రం తేడా లేకుండా పంచి వెళ్ళాడాయన. పంచడానికి ఆయన దగ్గర ఇంకేమీ లేదు కూడా. అక్కచెల్లెళ్ళిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి పక్కనుంచి చూస్తే ఒకే మనిషి రెండుసార్లు కనబడ్డట్టుండేది. తేడా అంతా లోపలే. చంటికి తొమ్మిదేళ్ళప్పుడు అక్క ఇనుప గేటు పట్టుకుని ఊగుతూ ఉంటే, ఆ గేటు వచ్చి చంటి మొహానికి తగిలింది. ముక్కు లోపల గోడ వంకరపోయింది. రక్తం కారుతున్న చెల్లెల్ని పట్టుకుని, "పరిగెడుతూ పడ్డానని చెప్పవే, నాన్న చంపేస్తాడు" అని అక్క బతిమాలింది. చంటి అలాగే చెప్పింది. నలభై మూడేళ్ళొచ్చినా ఇంట్లో ఇంకా అదే మాట, పరిగెడుతూ పడిందని. అలాగే ఇంట్లో ఇంకా చంటే, ఆ పేరూ మారలేదు.

అక్కకు తన ముక్కంటే మొదటినుంచీ పడదు. ఫొటో తీస్తున్నారంటే తల తిప్పేసేది. చంటికి ఆ బాధ లేదు. అద్దంలో నాన్న కనబడతాడని ఆమెకదొక ముచ్చట. ఆమె కోరిందల్లా ఒక్కటే, నోరు మూసుకుని హాయిగా గాలి పీల్చాలని. కుర్చీలో కూర్చున్న మనిషి దగ్గరికి దొంగలా కాకుండా మనిషిలా వంగాలని.

అక్క పనిచేసేది ముక్కు ఆపరేషన్లు చేసే ఆస్పత్రిలో. వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, ఏం చేస్తారో వివరించి, భయం పోగొట్టి, కాగితాల మీద సంతకాలు చేయించడం ఆమె ఉద్యోగం. అందులో ఆరితేరిన మనిషి. రాయిని కూర్చోబెట్టినా తల ఊపించి పంపుతుందని అక్కడివాళ్ళు ఆటపట్టించేవారు.

ఒక రోజు ఆ అక్కే అంది. "ఎన్నేళ్ళని ఇలా నోరు తెరుచుకు బతుకుతావే? మా డాక్టరు గారితో మాట్లాడాను. లోపల గోడ నిటారుగా చేస్తే చాలట. నేను పాడుచేసిన ముక్కు, నేనే బాగు చేయిస్తాను."

ముప్పై నాలుగేళ్ళలో అక్క ఆ గేటు మాట ఎత్తడం అదే మొదటిసారి. చంటికి కళ్ళు చెమర్చాయి. అంతకన్నా ఏం కావాలి మనిషికి? సరేనంది.

ఆస్పత్రిలో ఎదురుగా, పక్కల నుంచి, కింద నుంచి ఫొటోలు తీశారు. "లోపల చేసే పనికి బయట ఫొటోలెందుకక్కా?" అంది చంటి. "రికార్డుకే, అందరికీ తీస్తారు" అంది అక్క. డాక్టరు గారు తెల్ల జుట్టున్న నెమ్మదైన మనిషి. కుర్చీ దగ్గరికి జరుపుకుని, "అక్కగారు అన్నీ వివరంగా చెప్పారు కదమ్మా, మీకు ఇష్టమే కదా?" అని అడిగారు. "చెప్పిందండి, ఇష్టమేనండి" అంది చంటి. ఆ మాటతో ఆయన బాధ్యత ఆయనకు తీరిపోయింది.

ఆపరేషన్ రోజు పొద్దున్న చంటికి ఆకుపచ్చ గౌను తొడిగి, గాజులూ చెవి దిద్దులూ కళ్ళజోడూ తీసి ఒక కవరులో వేసి బీరువాలో పెట్టేశారు. కళ్ళజోడు లేకపోతే దగ్గరి అక్షరాలు ఆమెకు చీమల బారులే. అప్పుడు తెచ్చింది అక్క, సంతకం పెట్టాల్సిన కాగితం. దుకాణంలో రోజుకు పాతికమందికి అక్షరాల అట్ట చేతికిచ్చి, "సరిగ్గా కనబడుతోందా, చదివి చెప్పండి" అని వదలకుండా చదివించే మనిషి, తన వంతు వచ్చేసరికి కళ్ళజోడు అడగనేలేదు. ఎందుకడుగుతుంది? చదివేది అక్క కదా.

అక్క కాగితం కింద వేలు పెట్టి చదివింది. మత్తు ఇస్తారని చదివింది. రక్తం కారవచ్చని, వాపు వస్తుందని చదివింది. లోపలి గోడ సరిచేస్తారని చదివింది. ఒకచోట అక్క వేలు ఆగి మళ్ళీ కదిలింది. చంటి దాన్ని చూసింది కూడా. కానీ ఆగిన వేలుని చూసి అక్కను అనుమానించే మనిషి కాదు. "ఇక్కడ" అని అక్క చూపించిన చోట గీకేసింది.

పదో రోజున ముక్కు మీది పట్టీ తీసి అద్దం ఇచ్చారు. గుట్ట లేదు. వంపు లేదు. మొహం మధ్యలో ఎవరిదో సన్నటి ముక్కు, పైకి తిరిగిన కొనతో, అద్దెకొచ్చినట్టు కూర్చుని ఉంది.

"అక్కా, ఇది నాది కాదు" అంది.

"లోపల గోడ నిటారయితే బయట కూడా మారదూ? ఎంత బావున్నావో చూసుకోవే పిచ్చిమొహమా. అదృష్టం అనుకో" అంది అక్క. నాలుగు వైపులనుంచీ తిరిగి తిరిగి చూసింది. గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి మరీ చూసింది. చెల్లెలి మీద ఎంత ప్రేమో అనుకుంది చంటి.

అందరూ మెచ్చుకున్నవాళ్ళే. మాటలు పొదుపుగా వాడే దుకాణం యజమాని కూడా "బావుందమ్మా" అన్నాడు. బస్సు డిపోలో మెకానిక్ అయిన భర్త వారం రోజులు కొత్తగా చూసి, ఎనిమిదో రోజున, "చూడూ, నీ ముక్కు గురించి నేనెప్పుడైనా ఒక్క మాటన్నానా? అలాగే నువ్వు కూడా ఇక నా పొట్ట గురించి మాట్లాడకూడదు" అన్నాడు. చంటి నవ్వింది. నవ్వితే కుట్లు వేసిన చోట లాగింది.

ఆరు వారాలు ముక్కు మీద బరువు పెట్టకూడదు కాబట్టి కళ్ళజోడుని నుదుటికి టేపు అంటించి వేలాడదీసుకుని దుకాణానికి వెళ్ళింది. ఆ ఆస్పత్రి నుంచి వచ్చేవాళ్ళకు ఎన్నోసార్లు తనే అలా అంటించి పంపింది. టేపు తీసేశాక తన కళ్ళజోడు పెట్టుకుంటే జర్రున జారి పెదవి మీద పడింది. అలవాటుగా ప్యాడ్లు నొక్కింది. మళ్ళీ జారింది. ఊళ్ళోవాళ్ళ ముక్కులన్నీ గుర్తున్న వేళ్ళకు తన ముక్కు కొలత దొరకలేదు. కుర్చీలో కూర్చుని, అద్దంలో చూసుకుంటూ, ఎవరో కొత్త ఖాతాదారుకు చేసినట్టు చేసుకోవాల్సి వచ్చింది.

అదీ సహించేదే, గాలి ఆడి ఉంటే. మొదట్లో వాపన్నారు, నిజమే అనుకుంది. వాపు దిగాక ఎడమ దారి కాస్త తెరుచుకున్నట్టే అనిపించింది. కానీ నిండుగా పీల్చబోతే ముక్కు పక్కలు రెండూ లోపలికి అతుక్కుపోయేవి, తడి గుడ్డ మొహం మీద వేసినట్టు. ఇదివరకు సగం గాలైనా వచ్చేది, ఇప్పుడు అందులో సగం. పైగా సన్నగా ఈల. దుకాణంలో మళ్ళీ ఊపిరి బిగబట్టడం మొదలైంది. అక్కకు చెబితే, "ఏడాది పడుతుందే, తొందరపడకు" అనేది. అలా ఎనిమిది నెలలు గడిచాయి.

ఒక మధ్యాహ్నం కాలేజీ పిల్ల ఒకతె దుకాణానికి వచ్చింది. "అక్కా, వచ్చే వారం నాకు ముక్కు ఆపరేషను. ఆ తర్వాత కళ్ళజోడు ముక్కుకి తగలకుండా మీరేదో చేసిపెడతారట కదా" అంది. ఉత్సాహం ఆపుకోలేక సంచిలోంచి ఆస్పత్రివాళ్ళిచ్చిన రంగుల పుస్తకం తీసింది. "ఇదిగో, నాకిలా కావాలని చెప్పాను. ఎంత బావుందో చూడండి."

పేజీకి అటూ ఇటూ రెండు ఫొటోలు, ఆపరేషనుకు ముందు, తర్వాత. పక్కనుంచి తీసిన ఆడమనిషి మొహం. కళ్ళ మీద నల్లటి పట్టీ వేశారు, ఎవరూ గుర్తుపట్టకుండా. ఎవరైనా గుర్తుపట్టకపోవచ్చు. చంటి గుర్తుపట్టకపోవడమేమిటి? మధ్యలో గుట్ట, చివర వంపు. నాన్న ముక్కు. కింద రాసి ఉంది: "అందం కోసం ఈమె కోరుకున్న మార్పు."

"బావుంది కదా?" అంది ఆ పిల్ల.

"ఎప్పుడు కోరుకున్నాను?" అంది చంటి. ఆ పిల్లకు అర్థం కాలేదు. చంటి ఆమె కళ్ళజోడు కొలతలు తీసుకుంది, టేపు ఎలా అంటించాలో చూపించింది. పంపేముందు మాత్రం చెప్పింది. "అమ్మడూ, సంతకం పెట్టే కాగితం ముందు రోజే ఇంటికి తెచ్చుకో. కళ్ళజోడు పెట్టుకుని నువ్వే చదువుకో. ఊపిరి సంగతి కూడా అడుగు. నాకిదే ఆపరేషను చేశారు, ఊపిరాడటం లేదు." ఆ పిల్ల మొహంలో నవ్వు పోయింది. పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది.

మర్నాడు చంటి సెలవు పెట్టి ఆస్పత్రికి వెళ్ళింది. అక్కకు వారపు సెలవు ఆ రోజు. తెలిసే వెళ్ళింది. రికార్డుల గదిలో ఉన్నావిడ తెలిసిన మనిషే, మారుమాట లేకుండా ఫైలు తీసిచ్చింది. చంటి కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకుంది. మత్తు. రక్తం. వాపు. లోపలి గోడ. ఆ కిందనే, అక్క వేలు ఆగిన చోట: "రూపం కోసం ముక్కు దూలం తగ్గించి, పక్కలు సన్నం చేసి, కొన పైకి తేవడం. దీనివల్ల శ్వాసకు ఇబ్బంది కలగవచ్చునని తెలుసు." దాని కింద, ఫొటోలు వాడుకోవచ్చునని ఇంకొక వరుస. తన సంతకం. పక్కన అక్క సంతకం. అక్క గుండ్రటి చేతిరాత. "పూర్తిగా చదివి వినిపించాను."

చంటి ఆ వరుసలు మళ్ళీ మొదటినుంచీ చదివింది. రికార్డులావిడ అదేమీ గమనించక మాట కలిపింది. "అక్కగారిది కూడా వచ్చే నెలే కదా? అదే ముక్కు, అదే డిజైను. మీకు ఎలా కుదురుతుందో చూశాకే తనకు ధైర్యం వచ్చిందని మొన్న చెప్పారు."

చంటి అక్కడే కుర్చీలో కూర్చుండిపోయింది. పట్టీ విప్పిన రోజు అక్క గడ్డం పట్టుకుని తిప్పి తిప్పి చూడటం గుర్తొచ్చింది. దర్జీ నమూనాగా కత్తిరించిన అట్టముక్కను చూసుకున్నట్టు చూసింది. ప్రేమ కాదది. తన గుడ్డ మీద కత్తెర పెట్టేముందు సరిచూసుకోవడం.

డాక్టరు గారిని కలిసింది. ఆయన నిజంగానే తెల్లబోయారు. "మీరే కోరారని కాగితంలో ఉందమ్మా. నేను అడిగాను కూడా" అన్నారు. ముక్కులో లైటు వేసి చూసి నిట్టూర్చారు. పక్కలు సన్నం చేసినప్పుడు కొందరికి ఇలా జరుగుతుందట. ఏడాది నిండాక మళ్ళీ కోసి, చెవి వెనక మెత్తటి ఎముక తీసి లోపల ఆసరాగా పెడితే బాగుపడొచ్చునట, పడకపోవచ్చునట. "ఈసారి నేనే చదివి చెబుతాను" అన్నారాయన. "అక్కర్లేదండి, చదువొచ్చు నాకు" అని లేచింది.

నేరుగా అక్క ఇంటికే వెళ్ళింది. అక్క మంచం మీద ఉతికిన బట్టల గుట్ట ముందు కూర్చుని మడతలు పెడుతోంది. రికార్డుల గదిలో తీయించుకున్న ఆ కాగితం నకలు చంటి బట్టల మీద పెట్టింది.

"ఐదో వరుస చదువక్కా."

అక్క చదవలేదు. చూడగానే తెలిసిపోయింది ఆమెకు. చేతిలో దిండు గలేబు అలాగే ఉండిపోయింది.

"నీ మంచికే కదే చేసింది" అంది చివరికి. "చెబితే ఒప్పుకుంటావా? ఆ ముక్కు పట్టుకు వేళ్ళాడేదానివి. ఇప్పుడెంత బావున్నావు! అందరూ అంటున్నారు కదా."

"నా మంచికా, నీ ముక్కుకా? వచ్చే నెల నీదట కదా ఆపరేషను."

అక్క గలేబు మడత పెట్టకుండానే ఒళ్ళో పడేసుకుంది. "భయమేసిందే. రోజూ చూస్తుంటాను కదా, కొందరికి ఎంత అందవికారంగా వస్తుందో. నీదీ నాదీ ఒకే ముక్కు. నీకెలాగూ లోపల కోస్తున్నారు కదా, ఆ చేత్తోనే బయటిది కూడా చేస్తే తెలిసిపోతుందని... చెడిపోతుందని అనుకోలేదే, నిజంగా."

"చెడిపోతే?"

అక్క కాగితాన్ని బట్టల మీదనుంచి పక్కకు జరిపింది.

"చిన్నప్పుడు గేటు తగిలింది పొరపాటున. నేను అబద్ధం చెప్పి నిన్ను కాచాను. ఇది పొరపాటు కాదక్కా. వేలు పెట్టి చదువుతూ దాటేశావు. నా ఎదురుగా కూర్చుని, నా కళ్ళజోడు బీరువాలో ఉందని తెలిసి."

అక్క ఏడ్చింది. చంటికి ఏడుపు రాలేదు. అయితే ఏడుస్తూ ఏడుస్తూనే అక్క తలెత్తి, చంటి ముక్కు వంకే చూస్తూ అడిగింది.

"ఊపిరి నిజంగానే ఆడటం లేదా? వాపు వల్ల కాదా?"

ఆ ప్రశ్న ఎవరి కోసమో చంటికి తెలుసు. తోబుట్టువు కష్టం కనుక్కోవడం కాదది. ఒక్క క్షణం ఆమెకు నాలుక చివరిదాకా వచ్చింది, "వాపే అక్కా, తగ్గిపోతోంది, హాయిగా చేయించుకో" అని. అంటే చాలు, వచ్చే నెల అక్క కూడా అదే బల్ల మీద పడుకుంటుంది, అదే ఈల వేస్తుంది, జన్మంతా తడి గుడ్డలోంచి పీలుస్తుంది. ఒక్క అబద్ధం. అక్క కోసం తొమ్మిదేళ్ళప్పుడు చెప్పిందానికన్నా పెద్దదేం కాదు.

అక్క చెమ్మ కళ్ళతో ఎదురుచూస్తోంది. మొహం మధ్యలో నాన్న ముక్కు, ఏడుపుకి ఎర్రబడి.

"ఆడటం లేదు" అంది చంటి. "ఇదివరకటికన్నా అధ్వాన్నం. డాక్టరు గారు కూడా చూసి చెప్పారు. చేయించుకోకు."

చెప్పేసి వచ్చేసింది. దారిలో తన మీద తనకే కోపం వచ్చింది, ఎందుకు చెప్పానా అని. ఇంటికొచ్చి భర్తకు జరిగిందంతా చెప్పింది. ఆయన పొట్ట మాట ఎత్తలేదు. ఆ రోజు వంట ఆయనే చేశాడు.

రెండు నెలలు అక్కచెల్లెళ్ళకు మాటల్లేవు. ఆస్పత్రి పుస్తకంలో ఆ పేజీ తీసేశారని ఎవరో చెప్పారు. మూడో నెలలో ఒక పొద్దున్న దుకాణం తెరిచిన కాసేపటికి అక్క వచ్చింది. ఎదురుగా కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"జారిపోతోందే. ఇంకెవరికి ఇచ్చినా కుదరడం లేదు."

యజమాని చూస్తున్నాడు, బల్ల మీదికొచ్చిన కళ్ళజోడు ఎవరిదైనా బాగుచేయాల్సిందే. చంటి స్క్రూడ్రైవరు తీసుకుంది. అక్క గొంతు తగ్గించి అంది.

"మానేశాను. నువ్వు చెప్పాక డాక్టరు గారిని అడిగి రద్దు చేయించేశాను. నువ్వే గనక ముందు చేయించుకోకపోయి ఉంటే, నా గతేమయ్యేదో తలుచుకుంటేనే భయమేస్తుందే చంటీ."

కృతజ్ఞతగానే అంది. తనేమంటోందో ఆమెకు తెలియదు. అనుకున్న పని అనుకున్నట్టే జరిగింది అక్కకు. చూడాలనుకుంది, చూసుకుంది, తప్పించుకుంది.

చంటి ప్యాడ్లు నొక్కింది. ఎడమది పైకి, కుడిది కాస్త వెడల్పు. చూడాల్సిన పని కూడా లేకపోయింది. తన ముక్కు మీద దొరకని ఆ కొలత వేళ్ళలో అలాగే ఉంది. కళ్ళజోడు తీసుకుని అక్క మొహం దగ్గరికి వంగింది, ఊపిరి బిగబట్టి. గుట్ట మీద ఫ్రేము చక్కగా కూర్చుంది.

"హమ్మయ్య, ఇప్పుడు కుదిరింది" అంది అక్క.

చంటి పక్కకు తిరిగి, నోరు తెరిచి గాలి పీల్చుకుంది. తర్వాత వెనక నిలబడ్డ మనిషిని రమ్మంది.